గుల్ల సున్నం

ఆ ఏడు నవంబరులో పట్టిన ముసురు ఎంతకీ వదల్లేదు. మాది మట్టి గోడల మీద తాటాకు కప్పిన ఇల్లు. గోడలు తడిసి తడిసి అడుగున ఉబ్బాయి. ఒకనాటి పొద్దున నేను వంటపాకలో పొయ్యి ముట్టిస్తుంటే ఇంట్లో ఏదో బరువుగా జారిపడ్డ చప్పుడైంది. పరుగెత్తి వెళ్లి చూస్తే వెనక గోడ లోపలికి ఒరిగిపోయి ఉంది. దూలానికి కట్టిన చీర ఉయ్యాల ఆ మట్టి కింద పడి, కొస మాత్రం పైకి కనిపిస్తోంది.

మోకాళ్ల మీద కూలబడి చేతులతో మట్టి తోడడం మొదలుపెట్టాను. అప్పుడు వాకిట్లోంచి మా ఆయన గొంతు వినిపించింది.

"పాప నా దగ్గరుండాది. ఇదిగో, నా దగ్గరే ఉండాది."

వీధిలో పారుతున్న వాన నీళ్లు చూపిద్దామని ఆయన కాస్త ముందే బిడ్డను ఉయ్యాల్లోంచి తీసి భుజాన వేసుకుని బయటికి తీసుకుపోయారట. ఆ పిల్లకు అప్పటికి ఏడాది నిండి ఎంతో కాలం కాలేదు. గోడ పోయి ఇంట్లో నుంచే పెరడంతా కనిపించేసరికి దానికి వింతగా తోచింది. తండ్రి భుజం మీది నుంచి చప్పట్లు కొట్టింది. ఆయన మాత్రం ఆ చీర కొస వంకే చూస్తూ నిలబడ్డారు.

"ఎండాకాలానికి ఇటుక గోడలు లేపాల. ఇంక మట్టి గోడల మధ్య బిడ్డను పడుకోబెట్టేది లేదు" అన్నారు.

మా ఊరు నెల్లూరు నుంచి మైపాడు పోయే దారిలో ఉంటుంది. ఊళ్లోకి సముద్రం కనపడదు గాని మధ్యాహ్నం దాటితే గాలి ఉప్పగా తగులుతుంది. మా ఆయన ఊరి మిషన్ బడిలో పంతులు. ఇంట్లో ఆయన, నేను, బిడ్డ కాక మా అత్త ఉండేది. ఆ మట్టి ఇల్లు కట్టింది మా అత్తమామలే. మట్టి తొక్కింది ఆమె, గోడ పెట్టింది మామగారు. ఆయన నేను కాపురానికి రాకముందే పోయారు. ఇల్లు పడగొడతామంటే తల్లి ఏమంటుందోనని మా ఆయన లోలోపల భయపడ్డారు. ఆమె సాయంత్రం బిడ్డకు అన్నం పెడుతూ, "బిడ్డ కంటే గోడలెక్కువా నాయనా? పడెయ్" అంది. అంతటితో ఆ మాట తెగిపోయింది.

ఆ ముసురు గడిచేదాకా కూలిన చోట తాటాకు దడి కట్టుకుని కాలం వెళ్లబుచ్చాం. ఎండలు ముదిరాక ఇల్లు విప్పాం. విప్పడమంటే ఆకు దించి, వాసాలు ఊడదీసి, ఉన్న గోడల్ని గడ్డపారలతో పొడిచి కూలగొట్టడం. మా అత్త వేపచెట్టు కింద బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చుని అదంతా చూసింది. పాస్టరుగారు వచ్చి పునాది దగ్గర ప్రార్థన చేశారు. ఆ మర్నాటి నుంచి మా నలుగురి కాపురం వంటపాకలోకి మారింది.

పసిబిడ్డతో ఆ పాకలో గడిపిన ఎండాకాలం తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఊపిరాడనట్టు ఉంటుంది. ఒక మూల పొయ్యి, ఒక మూల ట్రంకు పెట్టెలు, మధ్యలో చాపలు. ఇటుక దుమ్ము అన్నంలో పడేది, నీళ్ల కుండలో పడేది. బిడ్డ ఒళ్లంతా చెమటకాయలు లేచి రాత్రీ పగలూ గోక్కునేది. ఉయ్యాల కట్టడానికి పాకలో దూలం లేదు. వేపకొమ్మకు కడితే మేస్త్రీ తాపీతో ఇటుకను కొట్టే చప్పుడుకు ఉలిక్కిపడి లేచేది. నేను కూలోళ్లకు నీళ్లు అందించాలి, వంట చెయ్యాలి, గోడలు తడపాలి. విసుగు పుట్టి ఒకటి రెండుసార్లు దాని వీపున చరిచాను కూడా. అట్లాంటప్పుడు మా అత్త వచ్చి బిడ్డను ఎత్తుకుపోయేది.

"నీ పని నువ్వు చూసుకోమ్మా. దీన్ని నాకు వదిలెయ్" అనేది.

బిడ్డకు కూడా ఆమె ఉంటే చాలు. అవ్వ చెంగు పట్టుకుని ఆమె ఎటు పోతే అటు పోయేది. పడుకునేది అవ్వ పక్కన, తినేది అవ్వ చేతి ముద్ద. నడక బాగా కుదిరాక మాత్రం దానికి మేస్త్రీ పని మీద మోజు పుట్టింది. మేస్త్రీ నడివయసు మనిషి, నోటి దురుసు. కూలి ఆడవాళ్లను అస్తమానం కసురుకునేవాడు గాని, ఈ పిల్ల చిప్ప తీసుకుని పోయి గోడకు ఇసుక విసిరితే నవ్వేవాడు. "నా తాపీ నీకిచ్చేసి నేను ఇంటికి పోతానమ్మా" అనేవాడు. తట్టలు మోసే ఆడవాళ్లు కూడా దాని నడక చూసి నవ్వేవాళ్లు. మా ఇంట్లో ఆ నాలుగు నెలల్లో నవ్వు వినపడిందంటే దాని వల్లే.

మా వైపు అప్పట్లో ఇళ్లకు గుల్ల సున్నమే వాడేవాళ్లు. ఉప్పుటేరు పాయల్లో దొరికే నత్తగుల్లను బట్టీలో కాల్చి బండ్ల మీద తెచ్చి దించేవాళ్లు. కాలిన గుల్ల చూడడానికి తెల్లగా, చల్లగా, ఏమీ ఎరగనట్టు ఉంటుంది. దాని మీద నీళ్లు పోస్తే బుసబుసమని పొంగి ఉడుకుతుంది. పెరట్లో గుంట తవ్వి, అందులో గుల్ల పోసి, కూలోళ్లు దూరంగా నిలబడి కడవలతో నీళ్లు పోసేవాళ్లు. ఆవిరి మనిషెత్తు లేచేది. ఆ గుంట చుట్టూ తుమ్మకంప తెచ్చి నాటింది మా అత్తే. కంప ఎక్కడైనా జరిగితే మళ్లీ సర్దేది. బిడ్డను చంకనెత్తుకుని దూరం నుంచే చూపించి, "బూచి. ఉడుకు. పోకూడదు" అని చెప్పేది. బిడ్డ కళ్లు పెద్దవి చేసుకుని ఆ ఆవిరి వంక చూసి, "ఉకు, ఉకు" అనేది.

అనుకున్నట్టు ఎండాకాలంలో పని తెమల్లేదు. ఇటుకలు ఆలస్యంగా వచ్చాయి, మధ్యలో మేస్త్రీ జ్వరపడ్డాడు. గోడలు లేచి, పైన దూలాలు ఎక్కేసరికి బడులు తెరిచారు. మా ఆయన పొద్దున్నే పోయి సాయంత్రం వచ్చేవారు. ఇంక పెంకు వెయ్యాలి, గోడలకు పూత పుయ్యాలి. పూతకని ఒకరోజు పొద్దున గుల్ల బండి వచ్చింది. గుంట అప్పటికే నిండి ఉండడంతో గుల్లను తట్టల్లోనే ఉంచి కొత్త గోడ వారగా దించి పోయారు. భోజనాలయ్యాక మేస్త్రీ చూసుకుంటాడులే అనుకున్నాం.

మధ్యాహ్నం కూలోళ్లంతా వేపచెట్టు కింద సంగటి తింటున్నారు. నేను పాకలో గంజి వారుస్తున్నాను. మా అత్త పాక ముందు చేటలో బియ్యం చెరుగుతోంది. బిడ్డ ఆమె పక్కనే తన చిన్న సత్తు చెంబుతో తొట్టిలో నీళ్లు ముంచి మట్టిలో పోసుకుంటూ ఆడుకుంటోంది. అది దానికి రోజూ ఉండే ఆటే. ఎప్పుడు లేచిందో, ఎప్పుడు గోడ వారకు నడిచిందో. "ఉకు" అన్న మాట నాకు పాకలోకి వినిపించింది. కూలోళ్లు పోసినట్టే చెంబెడు నీళ్లూ తట్టలో కుమ్మరించి, పొంగుతుందని తెలిసి, చూద్దామని వంగింది.

ఆ కేక నేను చెప్పలేను. నేను పోయేసరికి మా అత్త దాన్ని ఎత్తి పట్టుకుని ఉంది. బిడ్డ రెండు పిడికిళ్లూ మొహానికి అదుముకుని గింజుకుంటోంది. కుడి చెంప మీద, కుడి కంట్లో, రెప్పల వెంట్రుకల మీద తెల్లగా సున్నం. తట్టలో గుల్ల ఇంకా చిటచిటమంటూనే ఉంది.

నేను బావి దగ్గరికి పరుగెత్తి చేదతో నీళ్లు తెచ్చాను. బిడ్డ మొహం మీద కుమ్మరించబోతే మా అత్త నా మణికట్టు పట్టుకుంది.

"నీళ్లొద్దు! నీళ్లు పడితే ఇంకా ఉడుకుతాది. కళ్లారా చూస్తా ఉండావు గదా!"

"మంట అత్తా, బిడ్డకు మంట..."

"వద్దంటే వద్దు! ఆముదం తీసకరా. బిరీన!"

ఆమె చేతి పట్టు ఎంత గట్టిగా ఉందంటే నా చేతిలోని చేద జారి నీళ్లు నేలపాలయ్యాయి. పాకలోంచి ఆముదం బుడ్డి ఆమే తెచ్చుకుంది. బిడ్డ తలను ఒళ్లో అదిమిపట్టి, కంటి రెప్ప విడదీసి, ధారగా పోసింది. మేస్త్రీ, కూలోళ్లు చుట్టూ మూగారు. ఆమె చేసింది తప్పని ఎవరూ అనలేదు. నాకూ తప్పనిపించలేదు. తట్టలో నీళ్లు పడి ఏం జరిగిందో అందరం చూస్తూనే ఉన్నాం. కూలి ఆడమనిషి ఒకామె మా ఆయనను పిలవడానికి బడికి పరుగెత్తింది.

ఆయన చొక్కా నిండా సుద్దముక్క పొడితో వచ్చారు. మైపాడు నుంచి వచ్చే బస్సు కోసం రోడ్డు మీద ఎండలో నిలబడ్డాం. బస్సులో చేపల గంపలతో నెల్లూరు పోయే బెస్త ఆడవాళ్లు ఉన్నారు. ఏడ్చి ఏడ్చి బిడ్డ గొంతు అప్పటికే పోయింది, నోరు తెరుచుకుంటోంది గాని శబ్దం రావడం లేదు. ఆ బెస్త ఆడవాళ్లలో ఒకామె గంప పక్కకు జరిపి మాకు చోటిచ్చి, వెలుగు తగిలితే బిడ్డ విలవిల్లాడుతోందని నెల్లూరు దాకా తన పైట కొంగును దాని మొహం మీద ఎత్తి పట్టుకుంది. ఏం జరిగిందని ఎవరూ అడగలేదు. చూస్తేనే తెలుస్తోంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ బిడ్డను బల్ల మీద పడుకోబెట్టి, నన్నూ మా ఆయన్నూ కాళ్లూ చేతులూ పట్టుకోమంది. నూనె తుడిచి, రెప్పను మడిచి, లోపల ఇరుక్కున్న సున్నపు పలుకుల్ని దూదితో తీసి, నీళ్లు పోయడం మొదలుపెట్టింది. పోస్తూనే ఉంది. నర్సు ఒక పాత్ర తర్వాత ఒకటి తెచ్చి అందిస్తూనే ఉంది. నీళ్లు బల్ల మీద నుంచి కారి మా కాళ్లు తడిపాయి. మా అత్త తలుపు దగ్గర గొంతుక్కూర్చుని అది చూస్తోంది. ఆ నీళ్ల వంక ఆమె ఎట్లా చూసిందో నాకు బాగా గుర్తు.

అంతా అయ్యాక డాక్టరమ్మ చేతులు తుడుచుకుంటూ, "దెబ్బ తగలగానే నీళ్లతో కడగలేదా?" అని అడిగింది.

నేను బిడ్డను ఒళ్లోకి తీసుకున్నాను.

"సున్నం కంట్లో పడితే ఆగకుండా నీళ్లు పోస్తూ ఉండాలి. ఎంత పోస్తే అంత మంచిది. నూనె పోశారే, పలుకులు లోపలే అంటుకుపోయాయి. ఎవరు పోశారు నూనె?"

తలుపు దగ్గర నుంచి మా అత్త, "నేనేనమ్మా" అంది.

డాక్టరమ్మ ఆమెను చూసి గొంతు తగ్గించి, కంటికి కట్టు కట్టమని నర్సుకు చెప్పింది. కాని మా ఆయన తల తిప్పి తల్లి వంక చూశారు. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది. తెలియని మనిషిని చూసినట్టు చూశారు.

చాలా రోజులు ఆసుపత్రిలోనే ఉన్నాం. చెంప మీది పుండు మానింది. కన్ను మాత్రం రోజురోజుకూ తెల్లబడుతూ వచ్చింది, చివరికి నల్లగుడ్డు ఎక్కడుందో తెలియకుండా పోయింది. మద్రాసు తీసుకుపోతే ఏమైనా చేస్తారేమోనంటే అక్కడికీ పోయాం. రైల్లో బిడ్డ నా ఒళ్లో కూర్చుని మెడ వంకరగా తిప్పి, ఎడమ కంటితో కిటికీలోంచి చూస్తోంది. సూళ్లూరుపేటలో రైలు ఆగినప్పుడు జామకాయలమ్మేవాడిని చూసి చెయ్యి చాపింది. చాపిన చెయ్యి కాయకు జానెడు పక్కన పడింది. మా ఆయన మొహం అవతలికి తిప్పుకున్నారు. మద్రాసులో పెద్ద డాక్టరు దీపం వేసి చూసి, రెండో కన్ను జాగ్రత్తగా కాపాడుకోండని చెప్పి పంపించారు.

ఇంటికి వచ్చేసరికి పైన కప్పు లేని గోడలు మా కోసం ఎదురుచూస్తున్నాయి. మళ్లీ వానలు దగ్గరపడ్డాయి కాబట్టి పెంకు వేయించక తప్పింది కాదు. పూత మాట ఎత్తితే మాత్రం మా ఆయన, "సున్నం ఈ ఇంట్లోకి రాదు" అన్నారు. గోడలు అట్లాగే ఎర్రగా ఉండిపోయాయి. మేస్త్రీ కూలి తీసుకుని పోతూ బిడ్డ తల మీద చెయ్యి పెట్టబోయి, ఎందుకో వెనక్కి తీసుకున్నాడు. మళ్లీ మా వీధిలోకి రాలేదు.

కొత్త ఇంట్లోకి చేరిన రోజు మా అత్త పాకలోంచి కదల్లేదు. చాప, దిండు తెస్తానని నేను పోతే, "నాకిక్కడే బాగుండాదిమ్మా. మీరు పొండి" అంది. రమ్మని మా ఆయన పిలుస్తారని ఎదురుచూసింది. ఆయన పిలవలేదు. ఆ రోజే కాదు, ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన తల్లితో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. తిట్టలేదు, విసుక్కోలేదు, ఎదురుపడితే పక్కకు తప్పుకుని దారి ఇచ్చేవారు. ఆదివారం ప్రార్థన గుడికి అందరం ఒకే దారిన పోయేవాళ్లం, ఆయన ముందు, ఆమె అందరికంటే వెనక. గుళ్లో ఆయన పాటలు పాడించేవారు. ఆమె ఆడవాళ్ల వైపు చివర కూర్చుని పెదవులు కదిలించేది.

నేను మధ్యలో నలిగాను. ఒకసారి ఆయనతో, "ఆమె కావాలని చేసిందా? బిడ్డను ఆమె కంటే ఎక్కువగా ఎవరు చూసుకున్నారు? ఎన్నాళ్లిట్లా?" అని గట్టిగానే అడిగాను.

"నేను ఆమెను ఏమన్నా అన్నానా?" అన్నారు.

"అనకపోవడమే గదా..."

ఆయన లేచి బయటికి పోయారు. మా అత్తనడిగితే, "వాడి బాధ వాడిది. నువ్వు ఊరుకోమ్మా" అంది.

వీళ్లిద్దరి మధ్య తిరిగింది ఆ బిడ్డే. దానికి మాటలు వచ్చేది ఆ రోజుల్లోనే. పాకకూ ఇంటికీ మధ్య పెరడు దాటుకుంటూ ఇక్కడి మాట అక్కడికి, అక్కడి మాట ఇక్కడికి మోసేది. మిగతా పిల్లలు ఏ మాటలతో మొదలుపెడతారో గాని, అది మొట్టమొదట పూర్తిగా పలికిన మాట, "అవ్వా, నాయన కూడు తిన్నాడు." ఆ మాట కోసం అవ్వ పాక గుమ్మంలో కూర్చుని ఉండేది. అది విన్నాకే తను తినేది. ఇటు పక్క బిడ్డ వచ్చి, "నాయనా, అవ్వకు దగ్గు" అనేది. ఆయన పుస్తకంలోంచి తలెత్తేవారు కాదు. కాని మర్నాడు సంచిలో మిరియాలు, పటికబెల్లం ఉండేవి. ఆ పొట్లాలు నా చేతికిచ్చేవారు, ఎవరికని చెప్పేవారు కాదు.

బిడ్డ పడుతూ లేస్తూ పెరిగింది. కుడివైపు ఏముందో తెలియక గడపలకు, స్తంభాలకు కొట్టుకునేది. దాని నుదురు ఎప్పుడూ కమిలి ఉండేది. తర్వాత్తర్వాత తల కాస్త పక్కకు తిప్పి నడవడం దానంతటదే నేర్చుకుంది. తండ్రి బడిలోనే ఒకటో తరగతిలో చేరింది. పంతులు కూతురని పిల్లలు ఆయన ముందు ఏమీ అనేవాళ్లు కాదు. బయటికి రాగానే "సున్నపు కన్ను, సున్నపు కన్ను" అని వెంటపడేవాళ్లు.

ఒకరోజు బడి నుంచి వచ్చి పలక పక్కన పడేసి, నేరుగా అవ్వ దగ్గరికి పోయింది. నేను పాకలో పప్పు మెదుపుతున్నాను. మా ఆయన పెరట్లో జామమొక్కకు కంచె కడుతున్నారు. మాట వినపడేంత దూరమే.

"అవ్వా, నా కంట్లో సున్నం ఎట్ట పడింది?"

నేను అడ్డుపడబోయాను. మా అత్త వద్దన్నట్టు చెయ్యెత్తింది. బిడ్డను ముందు కూర్చోబెట్టుకుని చెప్పింది. గుల్ల తట్ట గురించి చెప్పింది. చెంబెడు నీళ్లు పోసిన సంగతి చెప్పింది.

"మీ అమ్మ నీళ్లు తెచ్చినాది తల్లీ. నేనే ఆపినా. నూనె పోసినా. నీళ్లు పోసుంటే నీ కన్ను దక్కేదని డాక్టరమ్మ చెప్పినాది."

ఏదీ దాచలేదు. తన మీద జాలి పుట్టేట్టు కూడా చెప్పలేదు. బిడ్డ కుడి కంటి రెప్ప మీద వేలు పెట్టి చూసుకుంది.

"నాకు శానా నొప్పి పుట్టిందా?"

"పుట్టింది."

"ఏడిస్తినా?"

"గొంతు పొయ్యేదాకా ఏడిస్తివి."

"మరి నువ్వు?"

మా అత్త చేట తీసుకుని లేచింది. బిడ్డ పెరట్లోకి పరుగెత్తి, అలవాటు ప్రకారం ఆ మాట తండ్రికి చేరవేసింది. "నాయనా, నీళ్లు పొయ్యాలని అవ్వకు తెలీదంట. అందుకని నూనె పోసిందంట."

మా ఆయన కంచెకు తాడు బిగిస్తూ, "నాకు తెలుసమ్మా" అన్నారు. అంతే. ఆ మాట పాక గుమ్మం దాకా వినపడింది. మా అత్త చాలాసేపు చేట పట్టుకుని అట్లాగే నిలబడి ఉంది. ఆయన ఇటు తిరిగి ఒక్క అడుగు వేస్తారేమోనని నేనూ చూశాను. కంచె పూర్తి చేసి ఆయన బావి దగ్గరికి పోయి కాళ్లు కడుక్కున్నారు.

ఆ ఏటి ముసురులో మా అత్త మంచాన పడింది. పాక కప్పు అప్పటికి పాతబడిపోయి ఎక్కడపడితే అక్కడ కారేది. గిన్నెలు పెట్టాను, తాటాకు దోపాను, అయినా ఆమె పక్క తడిసింది. జ్వరం ఎక్కువైంది. ఒకనాటి మధ్యాహ్నం మా ఆయన బడి నుంచి తడుస్తూ వచ్చి, గొడుగు కూడా మూయకుండా వాకిట్లో పడేసి, పాకలోకి పోయారు. దుప్పటితో సహా తల్లిని రెండు చేతుల మీద ఎత్తుకుని పెరడు దాటించి, కొత్త గదిలో తన మంచం మీద పడుకోబెట్టారు. వద్దని చెప్పే ఓపిక ఆమెకు లేదు. ఆ ఇటుక గోడల మధ్యకు ఆమె రావడం అదే మొదలు.

ఆయన గంజి కలిపి తెచ్చి స్పూనుతో పోస్తుంటే ఆమె రెండు గుక్కలు మింగి కొడుకు మొహంలోకి చూసింది.

"ఏమబ్బయ్యా, మాట్లాడవా నాతో?"

ఆయన స్పూను గిన్నెలో పెట్టారు. "ఏం మాట్లాడమంటావమ్మా?" అన్నారు. అన్నేళ్ల తర్వాత తల్లితో ఆయన అన్న మొదటి మాట అది.

ఆమె ఏం మాట్లాడమనలేదు. ఆ తర్వాత కూడా పెద్దగా మాట్లాడుకున్నది లేదు. గంజిలో ఉప్పు సరిపోయిందా, కాళ్ల మీద దుప్పటి కప్పనా, వాన తెరిపిచ్చిందా. అవే మాటలు. బిడ్డ మంచం పక్కన కూర్చుని ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసేది. ముసురు విడవకముందే ఒక తెల్లవారుజామున మా అత్త పోయింది. పాస్టరుగారు తడి మట్టిలో నిలబడి ప్రార్థన చేశారు. తవ్విన గుంటలో నీళ్లూరుతుంటే మగవాళ్లు తోడి పోశారు. పెట్టె దించేటప్పుడు బిడ్డ, "అవ్వకు చలేస్తాది" అని ఏడ్చింది.

ఇంటికి వచ్చాక చుట్టాలు వసారాలో కూర్చున్నారు. మా ఆయన పెరట్లో అమ్మ లేని పాక ముందు నిలబడి ఉంటే, టీ గ్లాసు ఇద్దామని దగ్గరికి పోయాను. ఆయన నా వైపు చూడకుండా చెప్పారు.

"ఆ రోజు గుల్ల బండి నాకు వీధి మలుపులో ఎదురొచ్చింది. యాడ దించమంటారు సారూ అని వాడు అడిగినాడు. గుంట అవతల పల్లంలో దించుతానన్నాడు. వానొస్తే అక్కడ నీళ్లు నిలిచి చెడిపోతాదని, ఇవతల గోడ పక్కన దించమని చెప్పింది నేను. బడికి ఆలస్యమైతా ఉందని చెప్పేసి పోయినా."

గ్లాసు నా చేతిలోనే ఉండిపోయింది.

"మా అమ్మ మొహం చూసినప్పుడల్లా నాకు ఆ బండి కనపడేది. నోరు తెరిస్తే అదే బయటికొస్తాదని భయం."

ఆ ముక్క ఆమె బతికుండగా ఆమెకు చెప్పి ఉండొచ్చు గదా, అన్నేళ్లు ఆమె ఒక్కతే మోసింది గదా అని అడగాలని నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన మొహం చూసి అడగలేకపోయాను. చల్లారిన టీ ఆయన చేతికిచ్చి పాకలో పొయ్యి దగ్గరికి వచ్చేశాను. వసారాలో పొరుగూరి చుట్టాలు బస్సు వేళ అయిందంటున్నారు. వాళ్లు పోయేలోగా ఇంత అన్నం పెట్టాలి. పొయ్యిలో తడి కట్టెలు ఎంత ఊదినా అంటుకోవడం లేదు. బిడ్డ వచ్చి నా పక్కన కూర్చుని, పొగకు ఎడమ కన్ను గట్టిగా మూసుకుని, తనూ ఊదడం మొదలుపెట్టింది.